అడిగి రాసిన డాక్టరు గారు

మా పిల్లల డాక్టరు గారు పోయారు. ఒక ఆదివారం పొద్దున, పెనుబల్లిలో వాళ్ల ఇంట్లో, టీ తాగి గ్లాసు కింద పెట్టి, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని వాళ్లావిడతో అన్నారట. సత్తుపల్లి తీసుకెళ్లేలోపే అయిపోయింది. కబురు నాకు మా అంబులెన్సు డ్రైవరు చెప్పాడు. చెప్పాడంటే, "సిస్టర్, మన సార్..." అని ఫోన్లో ఆగిపోయాడు. మిగతాది నేను అడగలేదు. ఆ పూట డ్యూటీలో ఉన్నాను. ఒక బిడ్డకు సూది పెట్టాల్సి ఉంది. పెట్టి, దూదితో అదిమి, తల్లి చేతికిచ్చి, బయటికొచ్చి వరండా అరుగు మీద కూర్చున్నాను.

ఆయన గురించి మీరు విని ఉండరు. భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట మాదొక చిన్న దవాఖానా. ఒక ధర్మసంస్థ నడుపుతుంది. ఆ సంస్థ పెద్దాసుపత్రి, ఆఫీసు ఖమ్మంలో ఉంటాయి. మాలాంటి చిన్నవి ఇంకొన్ని ఊళ్లలో ఉన్నాయి. డబ్బులైనా, మందులైనా, మనుషులైనా ఖమ్మం నుంచే రావాలి. డాక్టరు గారు మా దగ్గర పిల్లల్ని చూసేవారు. నేను ఆయన వార్డులో నర్సును. మా ఇంట్లో కోయ మాట్లాడతాం కాబట్టి తల్లులు చెప్పేది ఆయనకు, ఆయన చెప్పేది తల్లులకు చెప్పడం కూడా నా పనే అయింది.

స్టెతస్కోపు పిల్లల ఒంటికి ఆనించే ముందు దాన్ని అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబరిచేవారు. ఎండాకాలంలో కూడా అంతే. ఎందుకు సార్, ఇప్పుడు చల్లగా లేదు కదా అంటే, అలవాటైపోయిందమ్మా అనేవారు. అలాగని మెత్తటి మనిషేం కాదు. కోపం ఎక్కువ. పిల్లకు వారం రోజులు నొప్పి ఉంటే ఇప్పుడా తెచ్చేదని తల్లుల మీద కేకలేసేవారు. కేకలేసిన గంటకే వాళ్ల మంచం పక్కన నిలబడి, అన్నం తిన్నావా అని అడిగేవారు. అప్పుడు నన్ను అనువదించమనేవారు కాదు. ఆ ఒక్క ముక్క కోయలో ఆయనే నేర్చుకున్నారు. పలకడం మాత్రం సరిగ్గా వచ్చేది కాదు. తల్లులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు.

మా ప్రాంతంలో సికిల్ సెల్ అనే జబ్బుంది. పుట్టుకతోనే వస్తుంది. రక్తంలో గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవలిలా వంగిపోతాయి. చలి తగిలినా, వానలో తడిసినా పిల్లలకు కాళ్లూ చేతులూ విరుగుతున్నంత నొప్పి. ఒక్కోసారి రక్తం అమాంతం పడిపోతుంది. అప్పుడు వెంటనే రక్తం ఎక్కించాలి. మా దగ్గర రక్తం నిలవ ఉంచే ఫ్రిజ్ లేదు. ఎక్కించి చూసుకునే గది లేదు. ఏం చేసినా ఖమ్మం పంపాలి. డాక్టరు గారు చీటీ రాసి, తలెత్తకుండా, "జల్దీ పోండ్రి" అనేవారు.

అలా పంపిన వాళ్లలో ఒక పాప తిరిగి రాలేదు. వానాకాలం. వాగు పొంగి వాళ్ల ఊరి నుంచి మా దగ్గరికి రావడానికే సగం రోజు పట్టింది. అంబులెన్సులో పాప వెంట నేనూ వెళ్లాను. వాళ్లమ్మ ఒకవైపు, నేను ఒకవైపు. కొత్తగూడెం దాటేదాకా పాప మాట్లాడుతూనే ఉంది. ఖమ్మం అంటే ఎంత పెద్దగా ఉంటుంది, భద్రాచలం కన్నా పెద్దదా అని అడిగింది. నేను చెబుతున్నాను. చెబుతుండగానే పాప వినడం మానేసింది. నా చేతిలో ఉన్న చెయ్యి అలాగే ఉంది. వాళ్లమ్మకు నాకన్నా ముందే తెలిసింది.

మేము వెనక్కి వచ్చేసరికి డాక్టరు గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆ తర్వాత చాలా రోజులు కేకలు వేయలేదు. ఆయన కేకలు లేకపోతే వార్డు ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఆ చలికాలం హైదరాబాదులోని ఒక ట్రస్టు ఆసుపత్రులకు సాయం చేస్తుందని ఎవరో చెప్పారు. కావాల్సిందేమిటో, ఎందుకో, ఎలా నడుపుతారో రాసి పంపాలి. వాళ్లకు నచ్చితే ఇస్తారు. మా ఆఫీసులో అలాంటివి రాసే మనిషి ఖమ్మంలో ఉన్నాడు గానీ మా దవాఖానా కోసం ఎప్పుడూ రాసింది లేదు. డాక్టరు గారే కూర్చున్నారు. ముందు పెన్సిలుతో రాసుకుని, మధ్యాహ్నం అన్నాల తర్వాత నర్సులను కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. మాకు అర్థం కాకపోతే కొట్టేసి మళ్లీ రాసేవారు. 'లబ్ధిదారులు' అని రాయాల్సిన చోటల్లా 'పిల్లలు' అని రాశారు. ఖమ్మం ఆఫీసు దాన్ని మళ్లీ లబ్ధిదారులు చేసింది.

ఒకరోజు కాగితాల ముందు ఊరికే కూర్చుని ఉన్నారు. టీ చల్లారిపోతోంది, తాగండి సార్ అన్నాను. "అడిగేది మన కోసం కాదు గదమ్మా. అయినా ఎందుకో చేతులు చల్లబడతయ్," అన్నారు. ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఎరుగరు. బస్సులో కిటికీ పక్క సీటు కూడా అడగరు.

మొదటిసారి ట్రస్టు కాదంది. ఈ సౌకర్యం ఖమ్మంలో ఉంది కదా అని ఒక్క ముక్క రాసింది. మరుసటి ఏడు మళ్లీ అడగవచ్చని తెలిశాక ఖమ్మం మేనేజరు గారే మా దగ్గరికి వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. సాయం రావాలనే ఆయన కోరిక కూడా. వార్డు ఖమ్మంలోనే పెడదాం, రక్తం అక్కడే ఉంది, మనుషులు అక్కడే ఉన్నారు, ఇచ్చేవాళ్లకు చూపించడానికి కూడా బాగుంటుందని చెప్పారు. డాక్టరు గారు చాలాసేపు విన్నారు. "మందు ఖమ్మంల ఉంది, జబ్బు ఇక్కడ ఉంది, నడుమ రోడ్డుంది సార్. ఆ రోడ్డు తీసెయ్యమనే నేను అడుగుతున్న," అన్నారు.

మేనేజరు గారు కాసేపు ఆలోచించి, సరే, ఇక్కడికే అడుగుదాం, కానీ గట్టిగా రాయాలి అన్నారు. లేవబోతూ, "పోయిన వానాకాలంల ప్రాణం పోయింది చూడుండ్రి, ఆ పిల్ల సంగతి రాయుండ్రి. చదివినోళ్లకు కండ్లల్ల నీళ్లు రావాలె. సాంక్షన్ అయితది," అన్నారు.

డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "వాళ్లమ్మను అడగకుంట నేనెట్ల రాస్త?"

మేనేజరు గారికి ఆ మాట వింతగా తోచింది. పేరు రాయక్కర్లేదు, ఎవరికి తెలుస్తుంది అన్నారు. ఆమెకు తెలియకపోయినా నాకు తెలుస్తుంది కదా అని డాక్టరు గారు ఆ మాట అక్కడితో తెంచేశారు.

ఆ వారం సెలవురోజున పాప వాళ్ల ఊరికి నన్ను తోడు రమ్మన్నారు. జీపు వెళ్లినంత దూరం వెళ్లి, అక్కణ్నుంచి ఎండిన వాగులో నడిచాం. ఇప్పపూలు రాలే కాలం. ఆయనకు నడక అలవాటు లేదు. మధ్యలో రెండుమూడు చోట్ల రాళ్ల మీద కూర్చున్నారు. ఆమె కోప్పడితే ఏం చేద్దామమ్మా అని అడిగారు. కోప్పడితే విని వద్దాం సార్ అన్నాను. అవునన్నట్టు తలూపి లేచారు.

పాప వాళ్లమ్మ వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుంది. మంచం వాల్చింది. నీళ్లిచ్చింది. ఆమెకు తెలుగు వచ్చు. కానీ నేను విషయం చెప్పాక ఆమె కోయలోనే మాట్లాడింది. రాస్తే ఏమవుతుందని అడిగింది. మన దగ్గరే రక్తం ఎక్కించే గది వస్తుందేమో, రాకపోవచ్చు కూడా అని చెప్పాను. డాక్టరు గారు అలాగే చెప్పమన్నారు. ఆమె చాలాసేపు పూలు చేత్తో పరుస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. నేను డాక్టరు గారి వైపు తిరిగాను.

"రాసుకోమంటుంది సార్. కానీ సచ్చిపోయిన సంగతొక్కటే రాయొద్దంట. బతికినన్ని రోజులు ఎట్లుండెనో అది రాయమంటుంది."

ఎలా ఉండేదమ్మా అని డాక్టరు గారు తెలుగులోనే ఆమెను అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కాళ్ల నొప్పులతో పాప పరుగెత్తలేకపోయేది. అందుకని ఊళ్లో పిల్లల పరుగుపందేలకు తనే తీర్పు చెప్పేది. గీత గీసి, అక్కడ కూర్చుని, ఎవరు ముందొచ్చారో చెప్పేది. పెద్ద పిల్లలు కూడా ఆమె మాట కాదనేవారు కాదు. సొంత అన్న ఓడితే ఓడాడనే చెప్పేది. వాడు అలిగి అన్నం తినకపోతే పక్కన కూర్చుని తినిపించేది. ఆ అన్న సంగతి చెబుతూ తల్లి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ముఖం చేతుల్లో దాచుకుంది. డాక్టరు గారు లేచి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ దడి దాకా వెళ్లి, అక్కడే అటు తిరిగి నిలబడ్డారు.

తిరిగొచ్చి ఆ రాత్రికే రాశారు. ఆ పాప ఎలా నడిచేది, ఎలా తీర్పు చెప్పేది, ఎంత పేచీ లేకుండా మందులు వేసుకునేది. ఖమ్మం ఆఫీసు అది తీసేయమంది, ట్రస్టు ప్రశ్నలో అడిగింది ఇది కాదని. తీస్తే నా సంతకం కూడా తీయండి అన్నారట ఆయన. కాగితాలు ఉన్నవి ఉన్నట్టే ట్రస్టుకు వెళ్లాయి.

ఈసారి ట్రస్టు నుంచి ఒక మేడమ్ చూడటానికి వచ్చారు. వార్డు చూశారు, రిజిస్టర్లు చూశారు. కూర్చున్నాక, "ఈ పాప గురించి ఇంత బాగా రాశారు. చివరికి ఏమైందో రాయలేదేంటండీ?" అని అడిగారు.

డాక్టరు గారు నా వైపు చూశారు. "నువ్వు చెప్పమ్మా. నువ్వే ఉన్నవ్ గద," అన్నారు. నేను చెప్పాను. వాగు దగ్గర్నుంచి, ఖమ్మం ఎంత పెద్దదని అడిగిన దాకా. మేడమ్ ఎండలో కారు దాకా నడిచి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు.

సాయం వచ్చింది. మా దవాఖానా వెనక గోదాము ఉన్న చోట గది కట్టారు. కొన్ని మంచాలు, రక్తం ఉంచే ఫ్రిజ్, కరెంటు పోతే అందుకునే జనరేటరు. గది తెరిచిన రోజు డాక్టరు గారు ముందు వరసలో కూర్చోలేదు. ఆ పాప తల్లిని పిలిపించి రిబ్బన్ కత్తిరించమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. కత్తెర పక్కన పెట్టి, లోపలికి వెళ్లి, మంచాల మీద దుప్పట్లు ఒక్కొక్కటీ చేత్తో సాపు చేసి వచ్చింది. అప్పటి నుంచి మా పిల్లలు రక్తం కోసం ఖమ్మం బస్సు ఎక్కలేదు. ఒక్కోసారి నొప్పి తగ్గిన పిల్లల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఆయన వాళ్లతో ఊరికే మాట్లాడేవారు. ఆ గదిలో ఆయన కేకలేయగా నేను వినలేదు.

ఆ గది నడపడానికి ట్రస్టు ఇచ్చే సాయం వచ్చే ఏడుతో అయిపోతుంది. మళ్లీ అడగాలి. ఆయన మొదలుపెట్టారు గానీ పూర్తి చేయలేదు. ఖమ్మం నుంచి మేనేజరు గారు ఫోన్ చేసి, ఎవరు రాస్తారు సిస్టర్ అని అడిగారు. నాకు అంత రాయడం రాదు. కానీ ఎవరి గురించి రాసినా వాళ్ల వాకిట్లోకి వెళ్లి అడగాలని తెలుసు. ఈ వారం ఇద్దరు తల్లుల దగ్గరికి వెళ్లొచ్చాను. రాస్తున్నాను. చదివి వినిపిద్దామంటే డాక్టరు గారి కుర్చీ ఖాళీగా ఉంది, అందుకని మిగతా నర్సులకు వినిపిస్తున్నాను.

డాక్టరు గారిని సాగనంపిన రోజు మా వైపు నుంచి చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని పెనుబల్లి వచ్చారు. ఆయన ఇంటివాళ్లకు వీళ్లెవరో తెలియదు. డాక్టరు గారి భార్య వచ్చి ఒక్కొక్క పిల్లనూ దగ్గరికి తీసుకుని పేరడిగారు. సాయంత్రం అందరం ఒకే బస్సులో తిరిగొచ్చాం. పాల్వంచ దాటాక అడవిలో ఒకచోట బస్సు ఆగింది. అక్కడ ఊరేమీ లేదు, ఒక కాలిబాట మాత్రం చెట్లలోకి పోతుంది. ఒక తల్లి నిద్రపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని దిగింది. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూశాను. ఆమె ఆ బాట వెంట మెల్లగా, పిల్ల నిద్ర చెడకుండా నడిచిపోతోంది. మసక వెలుతురులో పిల్ల తెల్లగౌను చెట్ల మధ్య కాసేపు కనిపించింది.