పాస్‌వర్డ్ తీసేసింది నేనే

కోరుట్లలో నాకో చిన్న కంప్యూటర్ షాపుంది. సిరిసిల్లలో మా అక్కకు మరమగ్గాల షెడ్డుంది. అక్కడ వాటిని సాంచాలంటారు. చీర అంచుల డిజైన్లు అక్క తన లినక్స్ కంప్యూటర్లో గీస్తుంది. నేను కోరుట్లలో కూర్చుని రిమోట్ డెస్క్‌టాప్‌లో అదే తెర తెరిచి తప్పులు దిద్దుతాను. అంతా సాఫీగా నడుస్తుండగా అక్క ఇంటర్నెట్ లైను మార్చింది. ఆ రోజు నుంచి కనెక్షన్ రాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

రెండు రోజులు తల పట్టుకున్నాక సంగతి అర్థమైంది. కొత్త లైనువాళ్లు పాత రకం ఐపీ అడ్రస్ ఒక్కదాని వెనక బోలెడన్ని ఇళ్లను కుక్కేశారు. బయటి నుంచి లోపలికి దారి లేదు. కొత్త రకం అడ్రస్, అంటే ఐపీ వీ సిక్స్, ప్రతి కంప్యూటర్‌కూ సొంతంగా ఒకటుంటుంది. దాంతో ప్రపంచంలో ఎక్కడి నుంచైనా నేరుగా చేరొచ్చు. ఆ మాటకు నాకు భలే సంబరమైంది.

అక్కకు ఫోన్ చేసి అడ్రస్ చూడమన్నాను.

"ఏందిరా గిది, రైలు తీర్గ గింత పొడుగున్నది!" అంది.

"కరెంటు పోయి వస్తే అది మారొచ్చక్కా. గోడ మీద రాసి పెట్టు. మారిందా లేదా చూస్కోవచ్చు."

ఆ షెడ్డులో గోడే నోటుబుక్కు. నూలు ఎప్పుడొస్తుంది, ఏ సాంచాకు ఏ పడుగు నూలు బీము, మెకానిక్ ఫోన్ నంబర్, అన్నీ సుద్దముక్కతో గోడ మీదే. కంప్యూటర్ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టే ఆమె పదో తరగతి చదివింది. అక్క చెబుతుంటే ఒక్కో అక్షరం గుండ్రంగా ఆమే రాసిందట.

ఆ తర్వాత నేను చెప్పడం, అక్క కీబోర్డు మీద కొట్టడం. అక్కడి ప్రోగ్రామ్ పాత రకం అడ్రస్ మీదే చెవి పెట్టుకుని కూర్చుంది, దాన్ని మార్చాం. ఫైర్‌వాల్‌లో దారి తెరిచాం. ఇక్కడ నేను అడ్రస్‌కు అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెట్టడం మరిచి గంట పోగొట్టుకున్నాను. అన్నీ అయ్యాక పాస్‌వర్డ్ తప్పంటుంది! విసుగొచ్చి పాస్‌వర్డే తీసేయించాను, ఐదు నిమిషాల్లో మళ్లీ పెట్టుకుందాం లే అని. టక్కున అక్క తెర నా ముందుకొచ్చింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. పాస్‌వర్డ్ సంగతి మళ్లీ గుర్తు రాలేదు.

అప్పుడు అక్క మక్క కంకుల అంచు, అంటే మొక్కజొన్న పొత్తులది, గీస్తోంది. నెలల తరబడి గీసి, చెరిపి, మళ్లీ గీసిన అంచు. అది ఇంకా మా సాంచా ఎక్కనే లేదు. ఈలోగా పనుండి జగిత్యాల పోయిన నేను ఒక బట్టల షాపు ముందు కొయ్యబారిపోయాను. బొమ్మకు కట్టిన చీరకు మా అక్క మక్క కంకులు! ఒక్కో కంకి పక్కన వంగిన ఆకుతో సహా.

వెంటనే ఫోన్ చేశాను. "అక్కా, మన అంచు గీడ అమ్ముతుండ్రే!"

"నాకు నిన్ననే ఎరుకైంది తమ్మీ. గా కండెలు చుట్టేదాన్ని ఎల్లగొట్టిన. చేతిల ఎప్పుడు ఫోనే. ఫోటో కొట్టి ఎవనికో ఇచ్చింది. సాంచాలు బందు వెట్టిచ్చి అందరి ముందట కడిగేసిన."

"మంచిగ చేసినవ్. గసొంటోళ్లను లోపలికి రానియ్యద్దు" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

వారం తిరక్కుండానే కనెక్షన్ మళ్లీ పోయింది. ఈసారి బండేసుకుని సిరిసిల్లకే వెళ్లాను. కరెంటు పోయొచ్చి అడ్రస్ మారింది, అంతే. ఎప్పటి నుంచి మారిందో చూద్దామని, ఎవరెవరు ఎప్పుడు కనెక్టయ్యారో రాసుకునే లాగ్ ఫైలు తెరిచాను. వరసగా నా అడ్రస్. మధ్యలో ఇంకొకటి, పరాయిది! మిట్టమధ్యాహ్నం, అక్క అన్నానికి పోయే వేళకు, నాలుగు సార్లు. అందులో చివరి రెండూ ఆమెను వెళ్లగొట్టిన తర్వాతివి. అక్క ఎప్పుడు లేస్తుందో ఇంకా ఇక్కడే తిరుగుతూ చూసేవాళ్ల పనే అది.

పాస్‌వర్డ్ అడిగిన జాడ లేదు. ఎందుకడుగుతుంది? అంత పొడుగు అడ్రస్‌ను ఊహించి పట్టడం ఎవరి వల్లా కాదు నిజమే. గోడ మీద రాయించాక ఊహించే పనేముంది? నూలు ఏజెంట్లు, మెకానిక్‌లు, బేరగాళ్లు, అందరూ నిలబడి చాయ్ తాగేది ఆ గోడ ముందే. వాళ్లలో ఎవడో ఇప్పటికీ తెలియదు.

"అక్కా, ఆమె కాదే. తలుపు తెరిచి పెట్టింది నేను" అన్నాను. విషయమంతా చెప్పాను.

అక్క నెత్తి కొట్టుకుంది. "అయ్యో! ఎంతెంత మాటలన్నరా నేను! గిప్పుడు ఆమె మొఖం ఎట్ల చూడాలె?"

ఆ సాయంత్రమే ఎల్లంతకుంటలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పత్తి ఏరి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నిలబడే అంతా చెప్పి, తప్పయిందన్నాను. ఆమె చెంబు కింద పెట్టింది.

"ఇంకో రెండు షెడ్లల్ల పని అడిగిన సారూ. దొంగదాన్ని ఎట్ల పెట్టుకుంటమన్నరు. మీరు గీడికచ్చి నా చెవుల చెప్తే ఏం ఫాయిదా? గాడ అందరి ముందట అన్నరు. గాడనే చెప్పుండ్రి."

ఆమె చెప్పేదాకా ఆ ఆలోచనే తట్టలేదంటే నా మీద నాకే అసహ్యమేసింది.

మర్నాడు పొద్దున ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. అక్క సాంచాలన్నీ ఆపించింది. ఆ చప్పుడు ఆగితే షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకప్పటిదాకా తెలియదు. పనివాళ్లందరి మధ్య నిలబడి, ఆమె దొంగ కాదని, పాస్‌వర్డ్ తీసేసింది నేనని, గోడ మీద రాయించింది కూడా నేనేనని చెప్పాను. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాదే తప్పు చెల్లె. రా, లోపలికి రా. ఇయ్యాల్టి నుంచే పని చేసుకో."

ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"పనికి రాలే అక్కా. మీరు చెప్తే ఇందామని అచ్చిన" అంది. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి, బస్టాండు వైపు వెళ్లిపోయింది.