ఆగి ఆగి వచ్చిన గొంతు

వేడెక్కిన ప్లాస్టిక్కుకూ కమిలిన దుమ్ముకూ మధ్య ఒక వాసన ఉంటుంది. నిన్న మధ్యాహ్నం విరుదునగర్‌లో మా ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక దస్తావేజు టైపు చేస్తుంటే ఆ వాసన వచ్చింది. పొద్దున ఏదో అప్‌డేట్ అని అడిగితే సరేనని నొక్కాను. అప్పటినుంచి లోపలి ఫ్యాను ఆగకుండా ఈల పెడుతోంది. నొక్కిన అక్షరం తెర మీదికి రావడానికి తటపటాయిస్తోంది. అరచేతుల కింద సెగ. విసుక్కోవాల్సిన చోట నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను. ఆండాళ్ టీచర్ గుర్తొచ్చింది. ఆమెను మీరు చూసి ఉండరు. కోవిల్‌పట్టిలో ఆమె దగ్గర టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకున్నవాళ్ళకు తప్ప ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆ నేర్చుకున్నవాళ్ళకు కూడా గుర్తుండేది ముఖం కాదు, గొంతు.

తొంభైల నడుమ నేను ఆమె దగ్గర చేరాను. మా ఊరు కోవిల్‌పట్టికి ఎడంగా, నల్లరేగడి పొలాల మధ్య ఉంటుంది. ప్లస్‌టూ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉండవద్దని నాన్న నన్ను బస్సెక్కించాడు. టీచర్ ఇన్‌స్టిట్యూట్ వేరుశనగ మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉండేది. కింద బెల్లం పాకం ఉడుకుతుండేది, పైన టైపు మిషన్ల మోత చెవులు గింగురుమనిపించేది. ఆ మోతలో కూడా ఆమె డిక్టేషన్ చదివితే చివరి బల్లదాకా ఒక్కో మాట విడివిడిగా వచ్చి చేరేది. అది పెద్ద గొంతూ కాదు, తీయని గొంతూ కాదు. గోడ గడియారం వైపు ఒకసారి చూసి మొదలుపెట్టిందంటే ఆ వేగం పెరగదు, తగ్గదు. తాడు లాగి గీసిన గీతలా సాగిపోయేది. వెనకబడ్డవాళ్ళు పెన్ను ఎత్తి దీనంగా చూసినా ఆమె ఆగేది కాదు, చూసినట్టు కూడా కనిపించేది కాదు.

ఒకరోజు నాకు ఒక వాక్యం తప్పిపోయింది. చెయ్యి ఆగిపోయింది. నాలో నేను తెలుగులో ఏదో గొణుక్కున్నాను. తరగతి అయ్యాక అందరూ మెట్లు దిగుతుంటే టీచర్ నన్ను ఉండమంది. ఎప్పుడూ అరవంలోనే మాట్లాడే మనిషి, ఆ రోజు నాతో తెలుగులో అంది.

“పోయిన మాట ఎనక పరిగెత్తొద్దు. దాన్ని ఆడనే వదిలిపెట్టు. ఇప్పుడు సెప్పే మాట పట్టుకో.”

ఆ సలహా కంటే ఆ భాషే నన్ను ఎక్కువ ఉలికిపడేలా చేసింది. అరవదేశంలో ఉండే తెలుగిళ్ళవాళ్ళం మేము, తెలుగును ఇంటి గుమ్మంలో వదిలి బస్సెక్కేవాళ్ళం. బజారులో ఎవరైనా మా మాట వింటే నవ్వుతారని చిన్నప్పటినుంచీ ఒక బెరుకు. టీచర్‌ది కూడా అలాంటి ఊరేనట, నరికుడి వైపు మెట్టపొలాల ఊరు. అమ్మానాన్నలు పోయారు. తమ్ముడు శివకాశిలో అచ్చాఫీసులో పనికి కుదిరి అక్కడే కాపురం పెట్టాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలోనే వండుకుని తిని పడుకునేది. తెలుగులో మాట్లాడి ఎన్నాళ్ళయిందో అని ఆమె అంటే, ఎందుకలా అని అడిగాను.

“ఇది ఇంట్లో మాట్లాడే మాట కదా విజయా. ఇంట్లో ఎవురూ లేకపోతే ఏం సేసేది?” అంది.

ఆ తర్వాత మా ఊరి బస్సు వచ్చేదాకా నేను పైనే ఉండేదాన్ని. పెద్ద విషయాలేమీ మాట్లాడుకోలేదు. వాన పడిందా, మినుముకు పురుగు పట్టిందా, ఇంట్లో ఏం కూర. అడిగేది ఎక్కువగా ఆమే. ఆ మాటలు వినడానికే అడిగేదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

పరీక్షలు పాసయ్యాక విరుదునగర్‌లో ఒక వకీలు ఆఫీసులో స్టెనోగా కుదిరాను. నూనె మిల్లుల వెనక వీధిలో ఒక అద్దె గది. కోర్టులో పగలంతా అరవం, సాయంత్రం గదిలో ఎవరితోనూ ఏ భాషా లేదు. అప్పుడు గానీ టీచర్ వెనక గది ఎలాంటిదో తెలియలేదు. ఆదివారాలు బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్ళేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక ఆ హాలులో సగం కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లకు గుడ్డలు కప్పి గోడవారకు నెట్టారు. షార్ట్‌హ్యాండ్‌కు ఒకే ఒక బల్ల మిగిలింది. ఆ బల్లకు ఆమె పాత గొంతుతోనే, పాత వేగంతోనే చదివేది.

ఆ గొంతు బొంగురుపోయింది. మొదట దుమ్మనుకుంది, తర్వాత జలుబనుకుంది. ఎంతకీ తగ్గకపోతే ఇద్దరం మదురై వెళ్ళాం. డాక్టర్లు క్యాన్సర్ అని చెప్పి స్వరపేటిక తీసేయాలన్నారు. తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట ఉండదు. తిరుగు ప్రయాణంలో టీచర్ బస్టాండు బెంచీ మీద కూర్చుని, డిక్టేషన్లు ముందే చదివి దాచిపెట్టుకుంటే బల్ల మూసేయక్కర్లేదు కదా అంది. బతుకుదెరువు గురించే ఆలోచిస్తోందని అనుకున్నాను. కొంతవరకు అది నిజమే.

ఎవరో వాడి అమ్మేసిన లాప్‌టాప్ ఒకటి టీచర్ కొంది. ఆపరేషన్‌కు ముందు వారాల్లో కిటికీలు మూసి, చప్పుడని పైన ఫ్యాను కూడా ఆపి, చెమటలు కారుతుండగా ఆమె చదివింది, నేను రికార్డు చేశాను. కింద బస్సు హారన్ మోగితే మళ్ళీ మొదటినుంచి. గొంతు అలసిపోయినప్పుడు గోరువెచ్చని నీళ్ళు తాగి కాసేపు కళ్ళు మూసుకునేది. డిక్టేషన్లు అయ్యాయి. అరవంలో రోజువారీ మాటలు కొన్ని అయ్యాయి: రండి, కూర్చోండి, ఫీజు కట్టారా, మళ్ళీ చేయండి. తెలుగులో ఏమీ చెప్పరా అని నేనే అడిగాను. ఆమె మైకు వంక చూస్తూ, “దాంట్లో మాట్లాడేది నీతోనే కదా,” అంది. కొంచెం ఆగి మైకు దగ్గరికి జరిగింది. “వస్తివా? కూసో. కూడు తింటివా? ఇంకొంచెం ఉండి పో.” అంతే చెప్పి ఇక చాలన్నట్టు లేచి కిటికీ తెరిచింది. కూడు అనే మాట ఆంధ్రావాళ్ళ చెవికి మోటుగా వినిపిస్తుందని తర్వాత తెలిసింది. మా ఇళ్ళలో అమ్మ పెట్టే అన్నానికి అదే పేరు.

ఆపరేషన్ తర్వాత మెడలో చేసిన రంధ్రం మీద పల్చని నూలుగుడ్డ కట్టుకునేది, దాని చాటునుంచే ఊపిరి. గొంతుకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు గానీ ఆ గరగర తనది కాదని పెట్టెలో పడేసింది. బల్ల మీద లాప్‌టాప్ ఉండేది. దాని పక్కన నిలబడి ఒక మీట నొక్కేది. ఆమె గొంతు వచ్చేది, పిల్లలు రాసుకునేవాళ్ళు. నేను ఆదివారం గుమ్మంలోకి రాగానే “వస్తివా?” అనేది లాప్‌టాప్. మొదటిసారి గుమ్మంలోనే ఆగిపోయాను. తర్వాత అలవాటైపోయింది. నేను సమాధానం చెప్పేది ఆమెకే, యంత్రానికి కాదు.

అలా రెండేళ్ళు నడిచింది. అప్పటికి ఇన్‌స్టిట్యూట్‌కు ఇంటర్నెట్ వచ్చింది. ఒకరోజు తెర మీద అప్‌డేట్ చేయమని అడిగితే, చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి కాబట్టి చేసింది. మర్నాటి డిక్టేషన్‌లో గొంతు మాట మధ్యలో తెగిపోయింది. కాసేపు మౌనం. తర్వాత మిగిలిన అక్షరాలు సాగిసాగి వచ్చాయి. ఫ్యాను గోల, కింద చెయ్యి పెడితే కాలేంత వేడి. ఆమె దాన్ని ఎత్తుగా రెండు కొయ్యముక్కల మీద పెట్టి పక్కన టేబుల్ ఫ్యాను తిప్పింది. తలుపు తీసి గాలి తగిలేలా జరిపింది. కాస్త తేరుకున్నట్టే ఉండి మళ్ళీ మొదటికి వచ్చేది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిస్తే ఇంకా ఘోరం. వేగమే ప్రాణమైన చదువు అది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పిల్లలు మర్యాదగా ఏదో ఒక కారణం చెప్పి ఒక్కొక్కరే అవతలి వీధి ఇన్‌స్టిట్యూట్‌కు మారిపోయారు.

నేను దాన్ని విరుదునగర్‌లో ఒక మెకానిక్‌కు చూపించాను. లోపలి ఫ్యానులో దుమ్మూ దూదినూగూ పేరుకుని ఉన్నాయని శుభ్రం చేశాడు. వేడి కొంత తగ్గింది, మందకొడితనం తగ్గలేదు. చివరికి చార్జర్ చేతిలోకి తీసుకుని, ఇది దీనితో వచ్చింది కాదు కదా అన్నాడు. నిజమే. అసలుది పాడైతే దొరికిందేదో కొనుక్కుంది. ఇన్నాళ్ళూ లాప్‌టాప్ దాన్ని పట్టించుకోలేదట. అప్‌డేట్ తర్వాత చార్జర్‌ను గుర్తుపట్టడం మానేసి, అందే కరెంటు చాలదేమోనని తన వేగాన్ని అడుగుకు దించేసుకుంటోందట. యంత్రం చెడిపోలేదమ్మా, జాగ్రత్తపడుతోంది అన్నాడు. అసలు చార్జర్ చెన్నైనుంచి తెప్పించాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు. వచ్చేదాకా వేరే దారి లేక లాప్‌టాప్‌ను అలాగే టీచర్‌కు తిరిగి ఇచ్చాను.

ఆ ఎదురుచూపులోనే మా అమ్మ పోయింది. ఊళ్ళో కర్మలు ముగించుకుని విరుదునగర్ వెళుతూ కోవిల్‌పట్టిలో దిగాను. టీచర్‌కు కబురు అందింది. నన్ను చూడగానే లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి మీట నొక్కింది. ఏమీ రాలేదు. ఫ్యాను మోత మాత్రం పెరిగింది. మళ్ళీ నొక్కింది. నేను బెంచీ మీద కూర్చుని అమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎలా పడిపోయిందో, ఎవరు పిలిచినా ఎలా పలకలేదో, నేను చేరేసరికి పనులన్నీ ఎలా అయిపోయాయో చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఏడుపు ఆగి ముఖం తుడుచుకున్న తర్వాత, పిల్లలు లేని బల్ల మీదనుంచి ఆమె పాత గొంతు, తెగుతూ, సాగుతూ వచ్చింది.

“కూ... డు తిం... టివా?”

టీచర్ లేచి ఒక్క పెట్టున మూత మూసేసింది. ఆమె ముఖం ఎర్రబడింది. తన గొంతే తనను అవమానించినట్టు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి కంచంలో అన్నం, పప్పు కలిపి తెచ్చి నా చేతికిచ్చింది. అమ్మ పోయాక ఊళ్ళో అందరూ తినమన్నారు, నేను తినలేదు. ఆ కంచం ఖాళీ చేశాను. ఆమె ఎదురుగా కూర్చుని చివరి ముద్దదాకా చూసింది.

మరుసటి ఆదివారం నన్నే డిక్టేషన్ చదవమని సైగ చేసింది. బల్ల దగ్గర అప్పటికి ముగ్గురో నలుగురో మిగిలారు. నేను చదువుతుంటే ఆమె స్కేలుతో బల్ల అంచు మీద మెల్లగా తాళం వేస్తూ నా వేగాన్ని పట్టి నడిపింది. ఒక అమ్మాయి వెనకబడి తలెత్తి చూసింది. నాకు నేర్పిన పద్ధతి ప్రకారం నేను ఆగలేదు. స్కేలు ఆగింది. తలెత్తి చూస్తే టీచర్ అరచెయ్యి చాపి ఉంది. ఆమె పెదవులు కదిలాయి. శబ్దం లేదు, అయినా తెలుగులో చెప్పింది, నాకు స్పష్టంగా తెలిసింది.

ఆగు.

ఆ అమ్మాయి తప్పిపోయిన మాట రాసుకుని, వాక్యం పూర్తిచేసి, తల దించేదాకా అందరం ఆగాం. గడియారం నడుస్తూనే ఉంది. టీచర్ దాని వైపు చూడలేదు.

చార్జర్ వచ్చింది. పెట్టగానే లాప్‌టాప్ మునుపటిలా కుదురుకుంది. గొంతు ఎక్కడా తెగకుండా వచ్చింది. మిగిలిన పిల్లలు పరీక్ష రాసి పాసయ్యారు. వెళ్ళిపోయినవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. తరగతికి ఆమె యంత్రాన్నే వాడింది. నాకోసం మాత్రం ఆ మీట మళ్ళీ నొక్కలేదు. నేను గుమ్మంలోకి రాగానే పెదవులతోనే “వస్తివా” అనేది. మొదట్లో సగమే అర్థమయ్యేది. అర్థం కానిది మళ్ళీ చెప్పమనేదాన్ని. ఆమె విసుక్కోకుండా మళ్ళీ చెప్పేది, నేను దగ్గరగా జరిగి చూసేదాన్ని. మా చదువంతా అరవంలోనే, మా తెలుగుకు మా ఇద్దరి దగ్గరా అక్షరాలు లేవు. వినడానికి తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న భాషను ఒక మనిషి ముఖం మీద చదవడం నేర్చుకున్నాను. పుస్తకంలో చదవడం చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

జబ్బు తిరగబెట్టింది. తమ్ముడు వచ్చి శివకాశికి తీసుకెళ్ళాడు. ఆఖరుసారి చూసినప్పుడు ఆమెకు పెదవులు కదిపే ఓపిక కూడా తక్కువే. ఒక్కో మాటకూ మధ్య చాలాసేపు పట్టింది. తమ్ముడి ఇంట్లోవాళ్ళు నిద్రపోయిందనుకుని లేచి వెళ్ళారు. నేను మంచం పక్కనే కూర్చుని మిగిలిన మాట కోసం చూశాను. వచ్చింది. “ఇంకొంచెం ఉండి పో.” ఉన్నాను.

ఆమె రికార్డుల నకలు నా దగ్గర ఉంది. అరుదుగా వింటాను. అందులో ఉన్నది ఆపరేషన్‌కు ముందటి టీచర్. నాతో ఎక్కువగా మాట్లాడింది ఆ తర్వాతి టీచర్. కోర్టులో వాంగ్మూలం ఇచ్చేవాళ్ళు మాట రాక తడబడితే వకీళ్ళు తొందరపెడతారు. నేను పెన్ను పట్టుకుని తలెత్తి వాళ్ళ నోటి వైపు చూస్తాను, సగం మాట పెదవుల మీద ముందే కనిపిస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే ఇప్పుడు నాకూ తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కోసారి పొయ్యి దగ్గర నిలబడి ఉండగా నా పెదవులు వాటంతటవే కదులుతున్నాయని తెలుస్తుంది. వానగురించో, కూరగురించో. శబ్దం ఉండదు. అయినా ఎదురుగా ఒక మనిషి దగ్గరగా జరిగి చూస్తున్నట్టే, తొందరపడకుండా, మాట పూర్తిచేస్తాను.