చోటు చాలని ‘ను’

మా బాబాయి బోర్డులు రాసేవాడు. బజారు వీధిలో ఆయన చేతిరాత లేని షాపు లేదు, తప్పు లేని బోర్డూ లేదు. అక్షరదోషాలు కావు పాపం, చోటు దోషాలు. మొదటి అక్షరం ఏనుగంత వేసి, చివరికొచ్చేసరికి మిగతావాటిని చీమలంత చేసి ఇరికించేవాడు. పై వరుస వత్తులు దిగి కింది వరుస తలకట్ల మీద కూర్చునేవి. అందుకే అందరూ ఆయన్ని ‘ఇరుకు మాస్టారు’ అనేవారు. కొలిచి రాయొచ్చు కదా అంటే, “కొలుచుకుంటూ కూర్చుంటే రంగు ఆరిపోతుందమ్మా” అనేవాడు. అబద్ధం. అసలు సంగతి, ఆయన రాస్తూ కబుర్లాడతాడు. కబుర్లలో పడితే ఒళ్లు తెలీదు.

ఆ తప్పులన్నింట్లోకీ పెద్దది మా పిన్ని టైలరింగు షాపు బోర్డు. ‘ఇచ్చట కొలతల ప్రకారం బట్టలు కుట్టబడును’ అని రాయాలి. కొలతల గురించిన బోర్డును కొలవకుండా రాశాడు మహానుభావుడు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పిన్నితో వాదిస్తూ రాస్తే, ‘కుట్టబడు’ దగ్గరికొచ్చేసరికి రేకు అయిపోయింది. ‘ను’ని అంచు దగ్గర కిందికి దించి రాశాడు. కొత్తవాళ్లెవరైనా “‘ను’ ఏదమ్మా?” అని అడిగితే, పిన్ని మిషను ఆపకుండానే, “టీ తాగడానికి కిందికి దిగింది, వచ్చేస్తుంది” అనేది. బాబాయిని మాత్రం, “నాకొక్క తిన్నటి బోర్డు రాసిపెట్టు, చాలు” అని రోజూ సతాయించేది.

యుద్ధం మా వీధి దాకా రాదనే అనుకున్నాం. ఒక మధ్యాహ్నం విమానాలు వచ్చి వెళ్లాయి. షాపుల వరుస మొత్తం నేలమట్టమైంది. పిన్ని షాపులోనే ఉంది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు.

శిథిలాలు ఎత్తేశాక ఆ జాగాకి అడ్డంగా పొడుగాటి రేకుల గోడ కట్టారు. కొన్నాళ్లు మంచం దిగని బాబాయి, ఒకరోజు రంగు డబ్బాలు పట్టుకెళ్లి, పోయిన షాపుల బోర్డుల్ని ఎక్కడివక్కడ ఆ రేకుల మీద రాయడం మొదలుపెట్టాడు. ఎవరూ రాయమనలేదు. ఎందుకు రాస్తున్నాడో మాకు అంతుపట్టలేదు. ఆగలేక నేను రోజూ వెళ్లి చూసేదాన్ని.

పత్రిక నుంచి ఒకాయన వచ్చి, “యుద్ధానికి ఇది మీ జవాబా?” అని అడిగాడు.

“నన్నెవరూ ఏమీ అడగలేదు బాబూ. బోర్డులు పోయాయి, రాస్తున్నా.”

వాచీలు బాగుచేసే తాత తన బోర్డు చూసి మొహం చిట్లించాడు. “నా బోర్డు మీద గడియారం ముల్లు వంకరగా ఉండేది. తిన్నగా గీశావేంటయ్యా?”

“అప్పట్లో దానికే కదా తిట్టారు?”

“తిట్టాను. అయినా అది నాది.”

బాబాయి ముల్లు వంచాడు. అప్పటినుంచి ప్రతి బోర్డూ పాత తప్పులతో సహా దిగింది. ఇవన్నీ ఎలా గుర్తున్నాయి అని అడిగితే, “తిట్లు తిన్నాను కదే” అన్నాడు.

పిన్ని జాగా మాత్రం ఖాళీగానే ఉంది. మా చెల్లి, అంటే పిన్ని కూతురు, అటు వెళ్లినప్పుడల్లా అక్కడే ఆగి చూసేది. మిషనుతో సహా పిన్ని లోకమంతా ఆ షాపులోనే ఉండేది. అమ్మది అంటూ దానికి మళ్లీ దక్కగలిగింది ఆ బోర్డొక్కటే. “ఎప్పుడు రాస్తావు నాన్నా?” అని అడుగుతూనే ఉంది.

ఒక ఉదయం మేమిద్దరం వెళ్లేసరికి రాసి ఉంది. దారం పట్టి గీతలు కొట్టి, కొలిచి మరీ రాశాడు. వత్తులన్నింటికీ చోటుంది. ‘ను’ దర్జాగా వరుసలోనే ఉంది, దాని పక్కన ఇంకా జానెడు ఖాళీ కూడా. అంత అందమైన రాత ఆయన చేతి నుంచి నేనెన్నడూ చూడలేదు.

“ఇది అమ్మ బోర్డు కాదు నాన్నా,” అంది చెల్లి.

“తిన్నగా రాసిపెట్టమని అడిగేది కదమ్మా.”

“అడిగింది. నువ్వు రాయలేదు. అందరి తప్పులూ ఉంచి అమ్మదొక్కటే దిద్దేస్తావా?”

బాబాయి నిచ్చెన మొదటి మెట్టు మీద కూలబడి, దారిన పోయేవాళ్లు చూస్తుండగానే ఏడ్చాడు.

తర్వాత దాని మీద తెల్లరంగు పూసి, ఆరాక మళ్లీ మొదలుపెట్టాడు. మిగతా బోర్డుల్లోలా ఇక్కడ కావాలని తప్పు రాయడం ఆయనకు చేతకాలేదు. పక్కన చోటుండగానే ‘ను’ని కింద రాసి చూశాడు. అది దొంగ తప్పని ఎవరికైనా తెలిసిపోతుంది. మళ్లీ తెల్లరంగు పూశాడు. చివరికి చెల్లిని నిచ్చెన పట్టుకోమన్నాడు.

“ఏదో ఒకటి మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“మీ అమ్మ ఏం మాట్లాడేది? దెబ్బలాడు.”

చెల్లి అందుకుంది. ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్లయిందని, వేళకి తిండి తినవని, రంగు చేతులతో తలుపులన్నీ పాడుచేశావని. “తలుపు కాదు, కిటికీ” అని బాబాయి పైనుంచి ఎదురు చెప్పాడు. ‘ఇ’ ఏనుగంత పడింది. వాదన ముదిరింది. రాత ‘కొలతల’ దాటింది, ‘బట్టలు’ దాటింది. ‘కుట్టబడు’ రాసి బాబాయి చటుక్కున ఆగాడు. కుంచెకి పక్క షాపు బోర్డు అడ్డొచ్చింది.

“చోటు చాల్లేదే,” అన్నాడు కిందికి చూస్తూ.

చెల్లి ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది.

“కిందికి దించు నాన్నా. టీ తాగి వస్తుంది.”