కొట్టంలో పొయ్యి

మా జేజికి పింఛను వచ్చే రోజుల్లో జమ్మలమడుగు ఇంట్లో పాల ఖర్చు ఆమెదే. ఎవరూ అడగలేదు, తనే పెట్టుకుంది. జేజి అంటే మా నాయన తల్లి. పొద్దున మేమంతా టీ గ్లాసులు పట్టుకుని కూర్చుంటే వాకిట్లో నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "ఎవురి పాలు తాగతాండారు?" అని అడిగేది. "నీవే జేజీ" అని గట్టిగా అరవాలి. అరవకపోతే గ్లాసు లాక్కునేది. "బర్రెను ఈమే మేపినట్టు మాట్లాడతాది చూడు" అని మా అమ్మ వంటింట్లోంచి గొణిగేది. నవ్వుతూనే గొణిగేది.

జేజి బతుకంతా మేకల వెంట తిరిగిన మనిషి. మా తాత పోయాక మేకల్ని అమ్మేశారు. ఆమెకు మిగిలింది పెరట్లో ఖాళీ కొట్టం, ఆ పింఛను. ఒకటో తేదీ సచివాలయం వాళ్ళు వచ్చేసరికి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చునేది. పెళ్ళిచూపులా అని నేను ఎగతాళి చేస్తే, "నీ పెండ్లిచూపులప్పుడు ఇంత బాగ కుదురుగా కూర్చున్యావా నువ్వు?" అనేది.

అంతలో మా అన్నకు పులివెందులలో సర్కారు ఉద్యోగం వచ్చింది. వీధంతా తిరిగి చక్కెర పంచింది కూడా జేజియే. కొన్నాళ్ళకు ఒక ఒకటో తేదీన అరుగు మీద కూర్చున్న ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. మా నాయన వెళ్ళి కనుక్కుని వచ్చాడు. ఒకే రేషను కార్డులో ఒకరికి సర్కారు ఉద్యోగం ఉంటే ఆ ఇంట్లో ముసలివాళ్ళకు పింఛను రాదట.

"వానికి ఉద్యోగమొస్తే నన్ను యాల తీసేసినారప్పా? నేనేం తప్పు చేసినా?"

"తప్పు కాదుమా. ఇంగ నిన్ను మేం చూసుకుంటామని వాళ్ళ లెక్క."

"ఇన్నాళ్ళూ చూసుకోలేదా?"

మా నాయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

మరుసటి రోజు నుంచి జేజి టీ మానేసింది. కడుపులో మంట అని చెప్పింది. వక్కాకు తెప్పించమని అడగాలన్నా మా అమ్మ ముఖం చూసి, వేళ చూసి అడిగేది. నా కాపురం ప్రొద్దుటూరులో. వచ్చినప్పుడల్లా ఆ అణకువ చూస్తే నాకు ఒళ్ళు మండేది. గ్లాసులు లాక్కునే మనిషి అలా అయిపోతే ఎవరికి మాత్రం బాగుంటుంది?

కార్డు వేరు చేయిస్తే పింఛను మళ్ళీ వస్తుందని ఎవరో చెప్పారు. అంటే జేజి ఒక్కతే ఒక ఇల్లు, మిగతావాళ్ళు ఒక ఇల్లు. కాగితం మీదే కదా అనుకున్నాం. అయితే ఇంటికొచ్చి చూస్తారట. పొయ్యి వేరుగా ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

మా నాయన మేకల కొట్టం ఊడ్చి మూడు రాళ్ళు పెట్టాడు. కొత్త రాళ్ళయితే దొరికిపోతామని మా అమ్మ పత్తికట్టె మంట పెట్టి వాటిని నల్లగా చేసింది. ఒక సత్తుగిన్నె అడుగుకు మసి పట్టించింది. నేను బియ్యం సంచీ, కారం సీసా సర్ది, దండెం మీద పాత చీర వేశాను. తర్వాత మా అమ్మ పాఠం మొదలుపెట్టింది.

"వాళ్ళడిగితే ఏం చెప్పల్ల అత్తా?"

"నా కోడలు బంగారమని చెప్పల్ల."

"అత్తా!"

"సరేలే మే. నాకెవురూ పెట్టరు, నేనే వండుకుంటాండా. సాలునా?"

సచివాలయం నుంచి వచ్చింది ఒక చిన్న వయసు అమ్మాయి. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, "నీకు ఎవరు పెడతారవ్వా?" అని మెత్తగా అడిగింది. జేజి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఎవురు పెడతారు తల్లీ? కొడుకుంటే ఏంది, కోడలుంటే ఏంది. నా గంజి నేనే కాంచుకుంటాండా" అంటూ నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ పిల్ల కూడా కళ్ళు తుడుచుకుంది. తలుపు దగ్గర నిలబడిన మా నాయన మమ్మల్ని ఎరగనట్టు పక్కకు తిరిగాడు.

ఆ సాయంత్రం లోపల అందరం కలిసి తిన్నాం. జేజి మళ్ళీ మళ్ళీ ఆ మాటలు ఏడుపు గొంతుతో అని చూపిస్తుంటే కడుపు పట్టుకుని నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆమే. పింఛను వచ్చింది. ఎవరి పాలు అన్న ప్రశ్న కూడా వచ్చింది.

అయితే మళ్ళీ ఎప్పుడైనా వచ్చి చూస్తామని ఆ అమ్మాయి చెప్పి వెళ్ళింది. అందుకని పొయ్యి తీయలేదు. పొద్దున కాస్త పొగ కనబడితే మంచిదని కట్టె అంటించేవాళ్ళు. మంట ఎలాగూ ఉంది కదా అని దాని మీద నీళ్ళు పెట్టారు. నీళ్ళు ఎలాగూ కాగుతున్నాయి కదా అని ఒక పిడికెడు బియ్యం వేశారు. ఎప్పుడొచ్చినా కనబడాలని జేజి మంచం కొట్టంలోకి మారింది. ఎవరైనా అడిగితే ఆమె ఒక్కతే వండుకుంటుందని చెప్పమని ఇరుగుపొరుగుకు మేమే చెప్పాం. చెప్పీ చెప్పీ వాళ్ళూ నమ్మారు. ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ళయితే ముసలిదాన్ని కొట్టంలో పడేశారని మా అమ్మను బాహాటంగానే ఆడిపోసుకున్నారు. అది విన్న రోజు మా అమ్మ కోపంతో ఊగిపోయింది. "పెట్టినా పెట్టలేదనే అంటాండారు. ఇంగ పెట్టేదెందుకు?" అంది. కోపంలో అన్న మాటే అనుకున్నాను. ఆ మాట మీదే నిలబడింది. మా అమ్మ రాక్షసి కాదు. రాక్షసి అయితే నాకింత బాధ ఉండేది కాదు.

జేజి తనకని చిన్న పాల పాకెట్టు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఎవరి పాలని అడగడం మానేసింది.

ఒకసారి నేను వెళ్ళినప్పుడు లోపల సంగటి చేశారు. అన్నం తట్టలో సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టుకుని కొట్టంలోకి వెళ్ళాను. జేజి తట్ట వైపు చూసి, వీధి వైపు చూసింది.

"లోపలికి తీస్కపో పాపా. ఎవురన్నా చూస్తే పింఛను పోతాది."

"ఎవరు చూస్తారు జేజీ? వాళ్ళు మళ్ళీ వచ్చిందే లేదు."

"వచ్చేటోళ్ళు చెప్పి వస్తారా?"

తట్ట అంచు మీద చెయ్యి పెట్టి నా వైపు నెట్టింది. అది భయమో, మా మీద కసో నాకు ఈ రోజుకీ తెలియదు. లోపలికొచ్చి మా నాయన మీద విరుచుకుపడ్డాను. ఆయన గొంతు పెంచలేదు. "పింఛను పోతే మళ్ళా కుమిలిపోయేది ఆమే గదా పాపా" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు కాబట్టి నా కోపం యాడికీ పోక నాలోనే ఉండిపోయింది.

పోయిన చలికాలంలో ఒక పొద్దున కొట్టంలోంచి పొగ రాలేదు. మా అమ్మకు అలాగే తెలిసింది.

నేను వెళ్ళేసరికి జేజిని వాకిట్లో పడుకోబెట్టారు. ముద్దనూరు నుంచి చుట్టాలు ఆటోల్లో దిగుతున్నారు. మా అన్న పులివెందుల నుంచి రావాలి. వాడు వచ్చేదాకా ఎత్తేది లేదు. చావు జరిగిన ఇంట్లో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటివాళ్ళు టీ కాచి తెచ్చారు. అది ముందొచ్చినవాళ్ళకే అయిపోయింది. ఎండ ఎక్కుతోంది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు.

మా నాయనకు చిన్నాయన వరసయ్యే పెద్దమనిషి తుండుగుడ్డతో విసురుకుంటూ అన్నాడు.

"ఇంత ఆలోచన దేనికప్పా? ఆమె పొయ్యి ఎప్పుడో వేరయిపోయ గదా. కొట్టంలో పొయ్యి అంటించకుంటే సాలు. లోపల గ్యాసు మీద పెట్టుకోండి, ఏం కాదు."

మంచి మనసుతోనే అన్నాడు. పిల్లల కోసమే అన్నాడు. అందరూ మా నాయన వైపు చూశారు. నేనూ చూశాను. కాదు, అదంతా నాటకం, ఆమె నా తల్లి, ఇదంతా ఒకటే ఇల్లు అని ఆ ఒక్క మాట అంటాడని చూశాను. మా నాయన కొట్టం వైపు చూసి, "సరే" అన్నాడు.

లోపల లైటర్ టక్కుమంది. కాసేపటికి టీ గ్లాసులు బయటికి వచ్చాయి. ఎవరి పాలని అడిగేవాళ్ళు లేరు. మా జేజి ఇంకా వాకిట్లోనే ఉంది.