పెళ్లిమండపంలో విమానం కరెంటు

ఎల్లారెడ్డిలో ఉండే మా చిన్నాయిన మొన్న పోయాడు. "చాయ్ అడిగిండు బిడ్డా, తెచ్చేలోపల పోయిండు" అని చిన్నమ్మ ఫోన్లో ఏడ్చింది.

ఆయన వాయుసేనలో విమానాల కరెంటు పని చేసి రిటైరై వచ్చాడు. ఊళ్లో ఎవరు దుబాయ్‌ పోతున్నా కూర్చోబెట్టి ధైర్యం చెప్పేవాడు. "ఇంజన్ తిరిగితే జనరేటర్ తిరుగుతది. అది పోతే తోకల చిన్న ఇంజన్ ఉంటది. అది గుడ పోతే బ్యాటరీ. గని బ్యాటరీ జెరసేపే!" అప్పటిదాకా లేని భయం వాళ్లకు అక్కడే పుట్టేది.

నా పెళ్లి కామారెడ్డిలో, సాయంత్రం ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు కరెంటు పోయింది. హాలుకున్న రెండు జనరేటర్లలో ఒకటి లేవలేదు. రెండోది మొత్తం బరువు మోయలేక మూలగసాగింది. చిన్నాయిన పట్టుపంచె ఎగగట్టి స్విచ్‌బోర్డు దగ్గరికి నడిచాడు. ముందు డీజే ఆగింది. తర్వాత మగపెళ్లివారి గదుల్లో కూలర్లు. ఆ వెంటనే భోజనాల హాలు చీకటైంది. అక్కడ వాళ్ల బంతికి అప్పుడే బగారా అన్నం వడ్డించారు.

పెళ్లికొడుకు తండ్రి, మా మామగారు ఊగిపోతూ వచ్చారు. "ఏంది బావా ఇది? మా చుట్టాలను చీకట్ల తినమంటవా? పెండ్లి బంద్ చేసుకొని పోవాల్నా?"

చిన్నాయిన తొణకలేదు.

"బావగారూ, విమానంల ఒక జనరేటర్ పోతే ముందుగాల వంటగది కరెంట్ తీస్తరు. కాఫీ లేకున్నా విమానం ఎగురుతది. పైలట్ ముందటి మీటర్లు ఆరొద్దు. గిప్పుడు పైలట్ అయ్యగారు. ఆయన లైటు, మైకు నేను ఆరనియ్య."

పంతులుగారు ఉలిక్కిపడి మంత్రాల వేగం పెంచారు.

"మరి మేమేంది?" అన్నారు మామగారు.

"ప్యాసింజర్లు. బెల్ట్ వెట్టుకొని కూసోండ్రి."

ముందుగా నవ్వింది మామగారి తల్లి. ఆమె నవ్వాక ఆయనకూ తప్పలేదు. కుర్చీ లాక్కుని మండపం పక్కనే కూర్చున్నారు. వెలుతురు అక్కడే ఉంది గనుక భోజనాల బంతి కూడా పళ్లేలు పట్టుకుని వచ్చేసింది. రెండు వైపుల చుట్టాలూ ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. మూడుముళ్లు పడుతుంటే విసిరిన అక్షింతలు సగం బగారా అన్నంలోనే పడ్డాయి.

నేను తలెత్తి చిన్నాయిన కోసం వెతికాను. కిటికీ బయట, వణుకుతున్న జనరేటర్ మీద అరచెయ్యి ఆనించి, దాని శబ్దం ఎక్కడ మారుతుందోనని చెవి ఒగ్గి, ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు.