అమ్మ మొదటి పేజీ పై అయిన రోజు

మా చిన్నప్పుడు... కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. అమ్మ అక్కడ అక్షరాలు కూర్చే పనికి కుదిరింది. ఇంకా ఖాయం కాలేదు... "ఒక పేజీ నువ్వొక్కదానివే కూర్చి సూపించమ్మా, అప్పుడు సూద్దాం" అన్నారు ఓనరు కరీం మావయ్య.

ఆ రోజు నేను బడి నుంచి తిన్నగా ప్రెస్సుకే వెళ్లాను. అమ్మ పొద్దుట్నుంచీ నిలబడి, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, సింహాచలం యాత్ర కరపత్రం ఇనప పళ్లెంలో పేర్చింది. పూర్తిచేసి మంచినీళ్లు తాగడానికి వెళ్లింది.

నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది. పళ్లెం ఎత్తి మిషను దగ్గరికి బయల్దేరాను... నాలుగడుగులు వేశానో లేదో, పేజీ అంతా జర్రున జారి గచ్చు మీద కుప్ప!

"అయ్యో, పై అయిపోనాదే!" అన్నాడు పాత కంపోజిటరు జాను తాత. అక్షరాలు అలా కలగాపులగమైతే ప్రెస్సుల్లో 'పై' అంటారట.

నేను ఒకటే ఏడుపు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కరీం మావయ్య మాత్రం "పిల్ల సేసిన దానికి నిన్నేటంటామమ్మా" అంటూ గచ్చు మీద చతికిలబడ్డారు. పై అయితే అందరూ కూర్చుని ఏరాల్సిందే... అది ఆ ప్రెస్సు ఆచారం.

ఏరుతూనే అడిగాను, పై అని ఎందుకంటారని.

"పూర్వం సర్చిలో ఆ పేరుతో ఓ పుస్తకం ఉండీదే. సదివితే బుర్ర తిరిగిపోయీది... అందుకూ" అన్నాడు జాను తాత.

"కాదు భాయ్, అది దొరల వంటకం. లోపల అన్నీ కలిపీసి కుక్కుతారు" అన్నారు మావయ్య.

ఇద్దరూ సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఈలోగా అక్షరాలు ఏ గడివి ఆ గడిలోకి చేరిపోయాయి. మర్నాడు అమ్మ మళ్లీ కూర్చింది. పని ఖాయమైంది.

మొన్న ఫోన్లో వెతికాను. పుస్తకమంటారు, వంటకమంటారు... గట్టిగా ఎవరికీ తెలియదట. అమ్మకి చెబితే పకపకా నవ్వింది. నవ్వు ఆగాక తనే చెప్పింది.

"పేజీ అయ్యాక సుట్టూ పురికొస బిగించి కట్టాలే. ఆ రోజు కట్టడం మర్సిపోనాను. కడితే జారీది కాదు. సెప్తే పని పోద్దని... నీ మీదకి పోనిచ్చాను."

ఇన్నేళ్లూ నా తప్పే అనుకున్నాను. కోపం రావాలి కదా... రాలేదు. పొద్దంతా నిలబడి వాచిపోయిన ఆ కాళ్లే కళ్లముందు కదిలాయి. వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఇప్పుడక్కడ మొబైల్ షాపు ఉంది. తప్పు పడితే ఒక్క మీట నొక్కి చెరిపేస్తాం... కింద కూర్చుని మనతో పాటు ఏరేవాళ్లే లేరు. మీకెవరు ఏరిపెట్టారు అలా? చెప్పండి... అమ్మకి చదివి వినిపిస్తాను.