ఇతరుల గ్రూపులో ఒక పేరు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నా భార్య చనిపోయిన కబురు ఆమె తమ్ముడికి చెప్పలేదు. పొద్దున్న ఆరు గంటలకు ఆమె పోయింది. సాయంత్రం నాలుగున్నర దాకా అతను తన ఊళ్ళో తన పని తాను చేసుకుంటూనే ఉన్నాడు. ఇక్కడ విజయవాడలో, మా అద్దె వాటా ముందు వేసిన షామియానా కింద, అందరూ అతని కోసమే ఎదురు చూస్తున్నారు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. భర్త ఉండగా భార్య పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచే రావాలి. పసుపు, కుంకుమ కూడా వాళ్ళే తేవాలి. ఆ కబురు పుట్టింటికి భర్తే స్వయంగా చెప్పాలి. మరొకరి నోట వినడం వాళ్ళకు అవమానం. అందుకే ఆ రోజు వచ్చిన బంధువుల్లో ఒక్కరూ అతనికి ఫోన్ చేయలేదు. నేను చేసే ఉంటానని అనుకున్నారు. అత్తమామలు ఎప్పుడో పోయారు. నా భార్యకు పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే.

చెప్పాననే నేనూ అనుకున్నాను. ఎలా అనుకోగలిగానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో పని చేసేవాణ్ణి. తొంభైల్లో చేరినప్పుడు నంబర్లన్నీ జేబు డైరీలోనే. ఏటా జనవరిలో పాత డైరీలోంచి కొత్త దాంట్లోకి ఎక్కించుకోవాలి. నా భార్య పక్కన కూర్చుని ఒక్కో నంబరూ చదివేది, నేను రాసుకునేవాణ్ణి. వాళ్ళ తమ్ముడికి అప్పట్లో ఫోన్ లేదు. చల్లపల్లి దాటాక, నది సముద్రంలో కలిసే వైపు వాళ్ళ ఊరు. ఊరంతటికీ ఒకటే ఎస్టీడీ బూత్. ఆ నంబరు రాసి, పిలిచి మాట్లాడించే నంబరని గుర్తుగా పక్కన పీపీ అని పెట్టేవాణ్ణి. ఆమె మాత్రం చదవకుండానే చెప్పేసేది. తర్వాత అతను సెల్ కొన్నాక ఆ పది అంకెలూ ఆమెకు అలాగే నోటికి వచ్చేశాయి. ఇంట్లో ల్యాండ్‌లైన్ నుంచి తనే చేసుకునేది. సెల్ కొనిపెడతానంటే, నాకెందుకండీ, నేను మాట్లాడేది ముగ్గురితో అనేది.

రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో మా యజమాని నాకు ఇంటర్నెట్ వచ్చే ఫోన్ ఇచ్చాడు. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి ఒక పూట నేర్పి వెళ్ళాడు. నంబర్లన్నీ ముందు ఈమెయిల్‌లో పెట్టుకోవాలి. వాటిని గ్రూపులుగా విడగొట్టాలి. ఏ గ్రూపులకు టిక్కు పెడితే ఆ గ్రూపులే ఫోన్లోకి దిగుతాయి. ఫోన్ పోయినా నంబర్లు పోవు, అక్కడ మార్చింది ఇక్కడా మారుతుంది. దాన్ని సింక్ అంటారు. ఆఫీసులో ఆ పని నాకు తప్ప ఎవరికీ కుదరలేదు. అందరూ తమ ఫోన్లు నా బల్ల మీదికి తెచ్చేవారు. నాకది గర్వంగా ఉండేది.

నా నంబర్లు నాలుగు గ్రూపులు చేశాను. ఆఫీసు, పార్టీలు (మా దగ్గర సరుకు కొనే షాపులవాళ్ళు), బంధువులు, ఇతరులు. మొదటి మూడింటికి టిక్కు పెట్టాను. ఇతరుల్లో గ్యాస్ బండ తెచ్చే అతను, కేబుల్ అతను, కుట్టుపని చేసే ఆవిడ, కుళాయి బాగుచేసే అతను ఉన్నారు. వాళ్ళ మధ్యలో మా బామ్మర్దిని కూడా పెట్టాను.

పొరపాటున కాదు, చూసే పెట్టాను. కారణం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అతను చేపల వ్యాపారి. లారీతో విజయవాడ మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా అక్క కోసమని ఒక థర్మోకోల్ పెట్టెలో రొయ్యలో, పండుగప్పో ఐసు వేసి తెచ్చేవాడు. ఒకసారి పెట్టె భుజాన పెట్టుకుని నేరుగా మా ఆఫీసు మెట్లెక్కాడు. మా అకౌంటెంటు నా దగ్గరికి వచ్చి, “మీ బామ్మర్ది గారు వచ్చినట్టున్నారండీ. మెట్ల దగ్గరే తెలిసిపోయింది,” అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

కిందికి తీసుకెళ్ళి, ఇలాంటివి ఇంటికి తీసుకెళ్ళాలి గాని ఇక్కడికా అని కసిరాను.

“ఎండకి ఐసు కరిగిపోద్ది బావా. ఇటైతే దగ్గరని తెచ్చా. అక్కకి రొయ్యలంటే ఇష్టం కదా,” అన్నాడు.

మా నాన్న కూడా చేపల తట్ట మోసినవాడే. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళాక ఆ రొయ్యలు తిన్నాను కూడా.

అతనికి ఫోన్లో నెమ్మదిగా మాట్లాడటం రాదు. నేను పార్టీలతో మాట్లాడుతుండగా ఫోన్ చేసి, చేపల ధర, వాన, అక్క ఆరోగ్యం అన్నీ ఒకేసారి అడిగేవాడు. ఇతరుల్లోకి నెట్టాక అతని పేరు నా ఫోన్లో రావడం మానేసింది. వట్టి నంబరు వచ్చేది. ఆఫీసు వేళల్లో తెలియని నంబరు ఎత్తను. అదే నంబరు మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు అది ఎవరిదో నాకు తెలుసు. అయినా తెలియని నంబరే అనుకునేవాణ్ణి.

ఆ గ్రూపులు చేసింది ఒక ఆదివారం, ఆఫీసు కంప్యూటర్ మీద. ఇంటికొచ్చి చెబితే నా భార్య ఆసక్తిగా వింది. తను ఏ గ్రూపులో ఉందని అడిగింది. ఇంటి నంబరుకి గ్రూపెందుకు అన్నాను.

“మరి మా తమ్ముడో?” అంది.

“బంధువుల్లో,” అన్నాను.

ఆ ఏడాది డిసెంబరులో ఆమెకు జ్వరం వచ్చింది. మూడో రోజు ఆసుపత్రిలో చేర్చాం. తమ్ముడికి చెప్పనా అంటే, వద్దు, కంగారుపడి లారీ వదిలేసి వస్తాడు, ఇంటికెళ్ళాక నేనే చేస్తానంది. మర్నాడు ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. ఆ తర్వాతి రోజు పొద్దున్నే పోయింది. మాకు పిల్లలు లేరు. వార్డు బయట బెంచీ మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడే శక్తి లేదు. ఫోన్ తీసి, ఒక్క మెసేజ్ రాసి, బంధువుల గ్రూపు మొత్తానికి పంపాను. ముప్పై మందికి వెళ్ళినట్టు చూపించింది. అందులో బామ్మర్దీ ఉన్నాడని నమ్మాను. ఆమెకు చెప్పిన అబద్ధాన్ని, ఆమె పోయిన రోజు నేనే నమ్మాను.

మధ్యాహ్నం దాటింది. చీర ఇంకా రాలేదేమని ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. మా పెద్దమ్మ రెండుసార్లు వీధి చివరి దాకా వెళ్ళి చూసి వచ్చింది. మూడోసారి నా దగ్గర కూర్చుని, “పుట్టింటికి నువ్వే చెప్పావు కదరా?” అంది. చెప్పానన్నాను. అంటూనే ఫోన్లో అతని పేరు వెతికాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

నంబరు గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఎన్నోసార్లు నా ఫోన్ మీద మెరిసిన నంబరే. చివరి మూడంకెలు తప్ప రాలేదు. పొద్దుటి నుంచి వచ్చిన ఫోన్లతో కాల్స్ జాబితాలోంచి పాత నంబర్లన్నీ పోయాయి. ఆ నంబరు నోటికి వచ్చిన మనిషి హాల్లో పడుకుని ఉంది.

ఫోన్లోకి దిగని గ్రూపు కంప్యూటర్లోనే కనపడుతుంది. మందులషాపు దాకా వెళ్ళొస్తానని చెప్పి సందు మొదట్లో ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్ళాను. పక్క కంప్యూటర్ల ముందు కాలేజీ పిల్లలు ఏదో ఫలితాలు చూసుకుంటున్నారు. మెయిల్ తెరిచి ఇతరులు అన్న గ్రూపు నొక్కాను. గ్యాస్ తెచ్చే అతనికీ కుళాయి అతనికీ మధ్యలో ఉన్నాడు. పేరు కూడా రాయలేదు. చేపలు అని రాసుకున్నాను.

బయటికొచ్చి ఫోన్ చేశాను. నేను చేశానని సంతోషపడ్డాడు. బావా, ఏంటి ఇవాళ నువ్వే చేశావు అంటున్నాడు. మధ్యలోనే చెప్పేశాను. చాలాసేపు లారీలో పెట్టెలు ఎత్తుతున్న చప్పుడే వినపడింది.

“ఎప్పుడు బావా?”

“పొద్దున్న. ఆరింటికి.”

“ఇప్పుడు నాలుగున్నర అయింది.” మళ్ళీ కాసేపటికి, “వస్తన్నా. నేనొచ్చేదాకా అక్కని ఉంచండి,” అన్నాడు.

అక్కణ్ణుంచి విజయవాడ మూడు గంటల దారి. చలికాలం, అయిదున్నరకే పొద్దు గూకుతుంది. పొద్దు గూకితే ఇక మర్నాడే. రాత్రి శవాన్ని ఉంచుతామంటే ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఒప్పుకోరని మా పెద్దన్నయ్య అన్నాడు. ఇంటివాళ్ళు పై వాటాలోనే ఉన్నారు. వెళ్ళి కాళ్ళు పట్టుకుని అడగొచ్చు. అడగలేదు. అడగాలంటే ఎందుకు ఉంచాలో చెప్పాలి. బామ్మర్దికి ఇప్పుడే చెప్పానని అందరి ముందూ ఒప్పుకోవాలి. దానికి బదులుగా, పొద్దున్నే చెప్పాను, సరుకు లారీ దారిలో ఆగిపోయిందట, అది చూసుకుని వస్తాడట అన్నాను.

ఆ మాటతో అందరి ముఖాలూ మారిపోయాయి. తోడబుట్టిన అక్క పోతే లారీ గురించి చూసుకున్నాడా అన్నారు. మా వదిన బీసెంట్ రోడ్డుకు మనిషిని పంపి చీర తెప్పించింది. పుట్టింటి వాళ్ళు చేయాల్సింది తనే చేసింది. అయిదు దాటాక బయల్దేరదీశాం.

బామ్మర్ది ఏడున్నర దాటాక వచ్చాడు. చేపల పని బట్టలతోనే వచ్చాడు. చేతిలో చల్లపల్లి బట్టల కొట్టు కవరు ఉంది. గుమ్మంలో వెలుగుతున్న దీపాన్ని చూసి మెట్ల కిందే ఆగిపోయాడు.

మా పెద్దమ్మ ఊరుకోలేదు. “ఇప్పుడా నాయనా రావడం? పొద్దున్న కబురందితే పొద్దు గూకాక చీర తెస్తారా? ఆ పిల్ల పుట్టింటి గుడ్డ లేకుండా పోయింది,” అంది.

అతను ఆమె వంక చూడలేదు. నా వంక చూశాడు. పొద్దున్న కబురు అన్న మాట అతనికి అర్థం కావడం నేను చూశాను. ఒక్క మాట అంటే చాలు. నాలుగున్నరకు చెప్పావు కదా బావా అంటే అందరికీ తెలిసిపోయేది. అనలేదు. దీపం ముందు మోకాళ్ళ మీద కూర్చుని లేచాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఆ కవరు చంకలో పెట్టుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు.

అతను నన్ను తిట్టి ఉంటే ఎలా ఉండేదో తెలియదు. తిట్టలేదు గనకే ఇది రాస్తున్నాను.

మూడో రోజు అస్థులు ఏరుకొచ్చాక అందరూ ఇంట్లోనే ఉన్నారు. మర్నాడు కృష్ణలో కలపడానికి ఏ ఘాటుకు వెళ్దామని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు చెప్పాను. కూర్చుని చెప్పలేక నిలబడి చెప్పాను. పొద్దున్న అతనికి కబురు అందలేదని, తప్పు ఫోన్‌ది కాదని, అతన్ని బంధువుల్లోంచి తీసేసింది నేనేనని, ఎందుకు తీసేశానో, గ్రూపు పేరేమిటో, అతని పేరు బదులు ఏం రాసుకున్నానో, లారీ ఆగిపోయిందని నేను కల్పించానని, అన్నీ చెప్పాను. పెద్దన్నయ్య తల దించుకున్నాడు. మా నాన్న మోసిన తట్ట ఆయనకు బాగా గుర్తు.

పెద్దమ్మ, “మాకు చెప్పావు, బాగానే ఉంది. వాడి ముందు నేనన్న మాటని ఎవరు తీస్తారు?” అంది.

మర్నాడు ఘాటుకు వెళ్ళలేదు. అస్థుల కుండకు తెల్లగుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకుని, పెద్దమ్మను వెంటబెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కాను. రావడానికి ఆమెకు ఓపిక లేదు. అయినా తనే వస్తానంది. పామర్రు దాటాక కోతలైపోయి చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. చల్లపల్లి దాటాక ఆటో మాట్లాడుకున్నాం.

బామ్మర్ది రేవులో ఐసు పగలగొడుతున్నాడు. కుండను చూసి సుత్తి కింద పెట్టాడు. పెద్దమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని, తెలియక అన్నాను నాయనా అంది. నేను ఇంట్లో చెప్పినవన్నీ అతనికి మళ్ళీ చెప్పాను. చేపలు అని రాసుకున్న సంగతి కూడా. అది విన్నప్పుడు అతను నది వైపు తిరిగాడు.

“ఫోన్ పాడైంది అనుకున్నా బావా. అట్టానే అనుకునుంటే బాగుండేది,” అన్నాడు.

కబురు నీకు అందకుండా చేశాను, ఈ పనైనా నీ చేత్తో చెయ్యి, నేను ముట్టుకోను అని కుండ అతని చేతుల్లో పెట్టాను. భర్త ఉండగా తమ్ముడు కలపడమేమిటని ఒడ్డున ఎవరో అన్నారు. పెద్దమ్మ వాళ్ళను ఊరుకోమంది.

అతను ఇంటికి మనిషిని పంపాడు. అతని భార్య చీర ఉన్న ఆ కొట్టు కవరు పట్టుకుని వచ్చింది. ఇద్దరూ పడవెక్కారు. నేను అడుగు ముందుకు వేయబోతే అతను చెయ్యెత్తి ఆపాడు.

“నువ్వు ఒడ్డునుండు బావా.”

పడవ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నిలబడ్డాను. మళ్ళీ కనపడడానికి గంటకు పైనే పట్టింది. పెద్దమ్మ వలల మీద కూర్చుని, నువ్వు కూడా కూర్చోరా అంది. వాళ్ళు వచ్చేదాకా నేను కూర్చోలేదు.